సీటు కింది సంచిలో ఏముంది?

హైదరాబాద్ నుంచి ఏ హైవే పట్టుకున్నా పంచర్ షాపుకు కరువు లేదు. వేపకొమ్మకు వేలాడే పాత టైరు, దానిమీద తెల్లరంగు అక్షరాలు, కింద కంప్రెసరు, నీళ్ల తొట్టి, పక్కనే నులకమంచం. అర్ధరాత్రి లేపినా కళ్లు నులుముకుంటూ లేచి లారీ చక్రం విప్పుతారు. ట్రాక్టరు, ఆటో, బుల్లెట్టు, పాలక్యాన్లు మోసే పాత సైకిలు... ఏది ఈడ్చుకొచ్చినా వాళ్ల దగ్గర మందు ఉంటుంది. రోడ్ బైకు వస్తే మాత్రం ఆ చేతులు ఆగిపోతాయి. లక్షన్నర పోసి కొన్న ఆ సన్న చక్రాల బండిని అటూ ఇటూ తిప్పి చూసి, వాల్వు దగ్గర ఆగి, ‘అన్నా, దీనికి మా గాలి ఎక్కదన్నా’ అనేస్తారు.

ఆ మాటలో తప్పేం లేదు. మన ఊళ్లలో తిరిగే 28 అంగుళాల సైకిలు రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. రోడ్ బైకుది 622. టైరు మీద 700 అని అచ్చేసి ఉంటుంది గానీ టేపు పెట్టి కొలిస్తే ఆ అంకె ఎక్కడా రాదు. వాల్వు కూడా వేరే. మోటారుసైకిలుకు, కారుకు ఉండే లావుపాటి వాల్వును స్క్రాడర్ అంటారు, దానికి రిమ్ములో 8.5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. రోడ్ బైకులో ఉండేది ప్రెస్టా అనే సన్న వాల్వు, దానికోసం వేసే రంధ్రం 6.5 మిల్లీమీటర్లే. షాపులో వెతికి వెతికి ఏదో ఒక ట్యూబు తీసినా దాని మెడ మన రిమ్ములో దూరదు.

ఆదివారం తెల్లవారుజామున లైట్లు వెలిగించుకుని బయల్దేరే వేలమంది తెలుగు సైక్లిస్టులు అర్థం చేసుకోవాల్సింది ఇదే. ఇక్కడ సాయానికి కొరత లేదు, సరిపడే వస్తువుకే కొరత. విదేశీ వీడియోల్లో చూపించే సామాన్ల జాబితాలు మరో లెక్క మీద తయారైనవి. అక్కడ పట్నంలో సైకిల్ షాపు ఉంటుంది, అన్ని సైజుల ట్యూబులూ ఉంటాయి, దారిలో మాత్రం పలకరించే మనిషి ఉండడు. మన దగ్గర తిరగేసి ఉంటుంది. నడిరోడ్డు మీద ఆగిన ఐదు నిమిషాలకే నలుగురు చుట్టూ చేరతారు. ఒకరు పానా తెస్తారు, ఒకరు సుత్తి, ఇంకొకరు బైండింగు వైరు. వెల్డింగు షాపు కూడా ఫర్లాంగు దూరంలో ఉంటుంది. కాబట్టి వాళ్ల దగ్గర ఉన్నవాటిని మనం మోయనక్కర్లేదు. వాళ్ల దగ్గర లేనివాటిని మరిచిపోయి బయల్దేరకూడదు. సీటు కింద వేలాడే ఆ చిన్న సంచిని ఈ ఒక్క లెక్కతో సర్దుకుంటే సగం బరువు తగ్గుతుంది, సగం బెంగా తగ్గుతుంది.

బరువు మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. కార్బన్ సీసా స్టాండు, టైటానియం బోల్టులు కొని వంద గ్రాములు తగ్గించామని మురిసిపోయేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. వాళ్ల సైకిలు సీటు కింద చూడండి, ఖాళీ. సంచి పెడితే ఫొటోలో అందం చెడుతుందట. రెండు ట్యూబులు, టైరు లీవర్లు, అలెన్ కీల మల్టీటూల్, చిన్న పంపు... అన్నీ కలిపినా అర కిలో అటూ ఇటూ. ముందురోజు రాత్రి తిన్న బిర్యానీలో పోయే బరువు. ముల్లు దిగాక ఆ అందగాళ్లు చెయ్యి చాచేది పక్కవాడి సంచిలోకే.

ముల్లు, తీగముక్క, గుంత

తెలుగు నేల మీద సైకిలు ట్యూబుకు మొదటి శత్రువు సర్కారు తుమ్మ. రోడ్డు పక్క కంపలు కొట్టేసిన మర్నాడు ఆ దారిలో వెళ్లామంటే ముందు, వెనక చక్రాలు రెండూ పోవచ్చు. అందుకే ఒక ట్యూబు చాలదు, రెండు ఉండాలి. రెండో శత్రువు హైవే అంచున కంటికి కనపడదు. లారీ టైరు పేలినప్పుడు రబ్బరు లోపలి ఉక్కు తీగలు తునాతునకలై రోడ్డు అంచు మీద, అంటే సరిగ్గా మనం తొక్కే చోట, చెల్లాచెదురుగా పడతాయి. వెంట్రుకంత తీగముక్క టైరులో దిగి కూర్చుంటుంది. కొత్త ట్యూబు వేసి గాలి కొట్టి రెండు కిలోమీటర్లు పోయాక మళ్లీ చక్రం మెత్తబడిందంటే మొదటి ముద్దాయి ఇంకా లోపలే ఉన్నట్టు.

దానికో పద్ధతి ఉంది. టైరు ఎక్కించేటప్పుడే కంపెనీ పేరు ఉన్న చోటు సరిగ్గా వాల్వు దగ్గరే వచ్చేట్టు అమర్చుకోవాలి. పంచర్ అయ్యాక ట్యూబు తీసి కాస్త గాలి నింపి చిల్లు ఎక్కడుందో చూస్తే, వాల్వు నుంచి అంతే దూరంలో టైరులో వెతకొచ్చు. తర్వాత వేళ్లతో టైరు లోపలి వైపు మెల్లగా తడమాలి. మెల్లగా అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది, ఆ తీగ వేలిని కూడా వదలదు. చేతిరుమాలు చుట్టి తుడిస్తే గుచ్చుకున్న చోట పోగు ఇరుక్కుంటుంది. తీగను లాగడానికి గోళ్లు పనికిరావు, చిన్న పట్టకారు ఉండాలి. నన్నడిగితే సంచిలో బరువుకు తగ్గ విలువ చేసే వస్తువుల్లో మొదటి బహుమతి ఈ పట్టకారుకే.

చిల్లు ఒకటి కాకుండా పక్కపక్కన రెండు ఉంటే అది ముల్లు పని కాదు. గాలి తక్కువ ఉన్న టైరు గుంత అంచుకు కొట్టుకున్నప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి రెండు గాట్లు పడతాయి. పాము కాటు అంటారు సైకిలువాళ్లు. చిల్లు ట్యూబు లోపలి వైపు, అంటే రిమ్మును ఆనుకునే వైపు ఉంటే అనుమానించాల్సింది రిమ్ము టేపును. టేపు జరిగి స్పోకు రంధ్రం అంచు ట్యూబును కోస్తుంటుంది. టేపు సరిచెయ్యకుండా ఎన్ని ట్యూబులు మార్చినా అదే చోట పోతుంది.

ట్యూబు ఎంచుకునేటప్పుడు వాల్వు పొడవు కూడా చూసుకోవాలి. 50 మిల్లీమీటర్ల లోతున్న కార్బన్ రిమ్ముకు 80 మిల్లీమీటర్ల వాల్వు కావాలి. మామూలు రిమ్ముల మిత్రుడు ఎంతో ప్రేమగా ఇచ్చే ట్యూబు మెడ ఆ రిమ్ములోంచి బయటికే రాదు. ఈమధ్య టీపీయూ ట్యూబులు వచ్చాయి. మామూలు బ్యూటైల్ ట్యూబు వంద గ్రాముల పైన తూగితే ఇవి నలభై గ్రాముల లోపే, మడిస్తే అగ్గిపెట్టెలో పట్టేటట్టు ఉంటాయి. ధర ఎక్కువ, పైగా మన పంచర్ షాపు సొల్యూషన్ వీటికి అంటదు, వాటి పాచీలు వేరే. స్పేరుగా మోయడానికి భేషుగ్గా ఉంటాయి. అతికించి అతికించి వాడుకునే అలవాటున్నవాళ్లకు బ్యూటైలే నయం.

పాచీలు ఎలాగూ వెంట ఉండాల్సిందే, మూడో పంచర్ చెప్పి రాదు. అయితే సొల్యూషన్ ట్యూబు ఒకసారి మూత తీశాక ఎక్కువకాలం నిలవదు. మన ఎండలకు సంచిలోనే ఆరి, అవసరమైన రోజు నొక్కితే గాలి తప్ప ఏమీ రాదు. ఇక్కడ పంచర్ షాపు అన్న దేవుడు. ట్యూబు మనది, సొల్యూషన్, తొట్టి నీళ్లు, రుద్దే గీరు ఆయనవి. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి, వేడిపెట్టి కాల్చే పాచీ వద్దని. ఆ వేడికి మన పలచని ట్యూబు కరిగిపోతుంది.

గాలి సంగతి

ఈ కథనంలో ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇత్తడి అడాప్టర్‌ను గుర్తుపెట్టుకోండి. వేలిగోరంత ఉంటుంది, ధర కాఫీ టిఫిన్లంత. ప్రెస్టా వాల్వు కొసన ఉన్న చిన్న నట్టును వదులు చేసి దీన్ని బిగిస్తే అది మోటారుసైకిలు వాల్వు అయిపోతుంది. అంతే, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ప్రతి పంచర్ షాపు గాలీ మనదే. పెట్రోలు బంకుల్లో గాలీ మనదే. సంచిలో ఒకటి పెట్టుకుని, ఇంకొకటి ఇప్పుడే వాల్వుకు తగిలించి వదిలేసినా నష్టం లేదు.

కానీ ఆ కంప్రెసరు లారీ టైరు కోసం పెట్టింది. సైకిలు ట్యూబులో పట్టే గాలి దానికి లెక్కలోనిది కాదు. ఒక్క నొక్కు ఎక్కువైతే ట్యూబు తుపాకీ మోతతో పేలుతుంది. గొట్టం మనం తీసుకుని, ఒక్కో నొక్కు నొక్కి, మధ్యలో టైరును బొటనవేలితో పట్టి చూసుకోవాలి. 28 మిల్లీమీటర్ల టైరులో సగటు మనిషికి 70 పీఎస్‌ఐ దగ్గర్లో ఉంటే హాయిగా ఉంటుంది. 25కి ఇంకొంచెం ఎక్కువ. రాయిలా కొడితే వేగం పెరుగుతుందన్న పాత నమ్మకాన్ని ఇప్పుడు రేసులవాళ్లే వదిలేశారు.

షాపు దొరికేదాకా నడవకుండా ఉండాలంటే చేతిపంపు ఉండాలి. సన్న పంపుతో చెయ్యి పీకేదాకా కొట్టాలి, నిజమే. దానికి విరుగుడుగా చాలామంది 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ క్యాట్రిడ్జ్ మోస్తున్నారు. వాల్వుకు తగిలించి తిప్పితే క్షణాల్లో టైరు గట్టిపడుతుంది. లోహం ఒక్కసారిగా మంచులా చల్లబడి వేలిచర్మాన్ని పట్టుకుంటుంది కాబట్టి గుడ్డ చుట్టుకోవాలి. ఆ వాయువు బ్యూటైల్ రబ్బరులోంచి మామూలు గాలికంటే చాలా తొందరగా బయటికి జారిపోతుంది, మర్నాటికి చక్రం మెత్తబడుతుంది. దాన్ని మళ్లీ పంచర్ అనుకుని కంగారుపడనక్కర్లేదు, ఇంటికెళ్లాక దింపేసి మామూలు గాలి పట్టిస్తే చాలు. నా అభిప్రాయంలో క్యాట్రిడ్జ్ పంపుకు తోడు మాత్రమే, బదులు కాదు. అది ఒక్కసారి పనిచేస్తుంది. వాల్వు మీద సరిగ్గా కూర్చోకపోతే ఆ ఒక్కసారి కూడా గాల్లో కలిసిపోతుంది.

టైరుకే గాటు పడి లోపలి ట్యూబు బుడగలా బయటికి తొంగిచూస్తే? పాత టైరులోంచి రెండంగుళాల ముక్క కత్తిరించి సంచిలో వేసుకుంటే గాటుకు లోపలినుంచి ఆనించొచ్చు. అది లేకపోతే మడిచిన పదిరూపాయల నోటు. మన నోట్లు పత్తితో చేసే కాగితం, చిరగకుండా యాభై కిలోమీటర్లయినా ఆగుతాయి. తర్వాత ఆ నోటును కొట్లో తీసుకుంటారా అన్నది వేరే సంగతి. చిప్స్ ప్యాకెట్టు ముక్కయినా పనికొస్తుంది, మన రోడ్ల పక్కన వాటికేం తక్కువ!

కమ్మరి కొలిమిలో ఫోర్కు

దారిలో చెడితే మనమే బాగుచేసుకోవాలి అన్నది ఒకప్పుడు ఈ ఆటలో నిబంధన. 1891లో మొదటి పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెం షార్ల్ తెరోన్ గెలిచాడు. అతని చక్రాలకు ఉన్నవి మిషెలిన్ సోదరులు కొత్తగా చేసిన టైర్లు. వాటి గొప్పతనం పంచర్ పడకపోవడం కాదు, పడితే విప్పుకోగలగడం. అంతకుముందు రిమ్ముకు అతికించేసిన టైర్లు ఊడదీసి అతికించి ఆరబెట్టేసరికి గంటలు పట్టేది.

1913 టూర్ ద ఫ్రాన్స్‌లో యూజీన్ క్రిస్టోఫ్ గెలుపు వాకిట్లో ఉన్నాడు. టూర్మాలే కనుమ దిగుతుండగా సైకిలు ముందు ఫోర్కు విరిగింది. ఎవరి సాయమూ తీసుకోకూడదు. సైకిలును భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి సాంత్-మరీ-ద-కంపాన్ అనే ఊరు చేరాడు. అక్కడి కమ్మరి కొలిమిలో తన చేతుల్తోనే ఇనుము కాల్చి, సాగగొట్టి, ఫోర్కు అతికించుకున్నాడు. నిబంధన తప్పుతాడేమోనని పందెం అధికారులు పక్కనే నిలబడి చూస్తున్నారు. పని ఇద్దరి చేతులది, కొలిమికి ఒకరు గాలి తొయ్యాలి కదా. ఒక కుర్రాడు తిత్తి ఊదాడు. అదే నేరమైంది, పది నిమిషాల జరిమానా పడింది. తర్వాత దాన్ని మూడుకు తగ్గించారు గానీ అప్పటికే గంటలు పోయాయి, పందెం బెల్జియం వాడు ఫిలిప్ తైస్‌దయింది. ఆరేళ్లకు, 1919లో, టూర్ చరిత్రలో మొట్టమొదటి పసుపు జెర్సీ తొడుక్కున్న క్రిస్టోఫ్‌కు చివరి అంచెల్లో మళ్లీ ఫోర్కే విరిగింది. మళ్లీ తనే అతికించుకున్నాడు, మళ్లీ ఓడాడు. టూర్‌ను అతనెప్పుడూ గెలవలేదు.

ఆ కాలపు ఫొటోల్లో రేసర్ల భుజాల మీదుగా అడ్డంగా వేలాడే దండలు స్పేర్ టైర్లు. బయల్దేరినప్పుడు ఒంటిమీద ఏది ఉందో చేరినప్పుడూ అది ఉండాలని నిర్వాహకుడు ఆంరీ దెగ్రాంజ్ పట్టుబట్టేవాడు. ఎన్ని జెర్సీలు తొడిగాడో చూడ్డానికి అధికారి తన చొక్కా పైకెత్తాడన్న రోషంతో 1924లో, అంతకుముందు ఏడాది విజేత అయిన ఆంరీ పెలిసియె పందెం మధ్యలోనే కూతాన్స్ పట్టణంలో దిగిపోయాడు. ఇప్పుడా బాధల్లేవు. వెనక జట్టు కారు, పైన స్పేర్ సైకిళ్ల వరస, చక్రం మెత్తబడితే చెయ్యెత్తడమే. 1970ల నుంచి జట్టుతో సంబంధం లేకుండా అందరికీ చక్రాలిచ్చే పసుపు మావిక్ కార్లు తిరిగాయి. 2021 నుంచి టూర్‌లో ఆ పని షిమానో నీలం కార్లు చేస్తున్నాయి. టీవీలో రేసు చూసి సంచి లేకుండా బయల్దేరేవాళ్లు ఆ కారును కూడా చూస్తే బాగుంటుంది.

రెండొందలు, ఆరొందలు

క్రిస్టోఫ్ నాటి పద్ధతి కొంతైనా మిగిలింది బ్రెవేల్లో, అంటే గడువులోపు ఎవరికివారు పూర్తిచేయాల్సిన దూరపు సవారీల్లో. మన దేశంలో వీటిని ఆడాక్స్ ఇండియా నడుపుతుంది, హైదరాబాద్ సహా చాలా ఊళ్లలో క్లబ్బులున్నాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు గడువు. ఒకే ఏడాది నాలుగూ పూర్తిచేస్తే సూపర్ రాండొన్యూర్ అంటారు. సొంతవాళ్ల సాయం తీసుకోవాలంటే కంట్రోల్ పాయింట్ల దగ్గరే, మధ్యలో వెంట కారు రాకూడదు. దారిలో దొరికే పంచర్ షాపు అందరిదీ కాబట్టి దానికి అడ్డు లేదు.

దూరం కంటే దారి ముఖ్యం. కోకాపేట వైపు సోలార్ పలకల నీడలో సైకిల్ ట్రాక్ మీద తిప్పుకునేవాళ్లకు ఒక ట్యూబు, ఫోనులో క్యాబ్ యాప్ చాలు. విశాఖ నుంచి భీమిలి బీచ్ రోడ్డుకూ అంతే. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కేవాళ్ల లెక్క వేరే. మన్ననూరు దాటి నల్లమలలో శ్రీశైలం వైపు తిరిగేవాళ్ల లెక్క ఇంకా వేరే. రాత్రిళ్లు వాహనాలనే వదలని అడవి అది, నెట్‌వర్క్ మీద ఆశ పెట్టుకోకూడదు. అలాంటిచోట మూడు ట్యూబులు, మడతపెట్టే టైరు ఒకటి, గేరు కేబుల్ ఒకటి, స్పోకు విరిగితే తాత్కాలికంగా కట్టుకునే కెవ్లార్ దారం, లైటుకు రెండో బ్యాటరీ. హ్యాండిల్‌కు నాలుగు చుట్లు ఇన్సులేషన్ టేపు, రెండు జిప్ టైలు ఎక్కడికైనా సరే.

ట్యూబు తర్వాత మనకు ఏ పల్లెలోనూ దొరకనివి రెండు. తెగిన చైనును తిరిగి కలిపే క్విక్ లింక్ మొదటిది. 11 గేర్ల చైనుకు 11 లింకే, 12కు 12దే, ఒకదానికి ఒకటి పనికిరాదు. రెండోది డీరేలర్ హ్యాంగర్, వెనక గేరు వేలాడే చిన్న అల్యూమినియం ముక్క. సైకిలు పడినప్పుడు ఫ్రేము బదులు తను విరగాలని దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు. ఫ్రేము ఫ్రేముకూ ఆకారం మారుతుంది, దుకాణంలో కూడా ఆర్డరు పెట్టి తెప్పించాలి. అందుకే సైకిలు కొన్న రోజే రెండు కొనుక్కోవడం తెలివి. అది విరిగి స్పేరు లేకపోతే మల్టీటూల్లోని చైన్ కట్టర్‌తో చైనును పొట్టి చేసి ఒకే గేరు మీద ఇల్లు చేరొచ్చు, మెకానిక్కులు చేసే పనే. చైన్ కట్టర్ లేని మల్టీటూల్ కొనకండి. చక్రం బిగించేది త్రూ యాక్సిల్ అయితే దానికి సరిపోయే 5 లేదా 6 మిల్లీమీటర్ల కీ అందులో ఉందో లేదో ఇంట్లోనే పెట్టి చూసుకోండి. డిస్క్ బ్రేకు సైకిలైతే చక్రం తీసి ఉన్నప్పుడు బ్రేకు నొక్కకూడదు, ప్యాడ్లు దగ్గరికి మూసుకుపోయి చక్రం తిరిగి దూరదు.

ట్యూబ్‌లెస్‌వాళ్లు ఈ గొడవలన్నీ మాకు లేవంటారు. చాలావరకు నిజమే, చిన్న ముళ్ల చిల్లుల్ని లోపలి రబ్బరు పాలు పూడ్చేస్తాయి, పెద్దవాటికి ప్లగ్ గుచ్చితే సరి. కానీ ఆ పాలు మన వేసవికి తొందరగా ఎండిపోతాయి, నెలా రెండు నెలలకోసారి చూసుకోకపోతే లోపల గడ్డలే మిగులుతాయి. పంచర్ షాపులో ఉండే మోటారుసైకిలు ప్లగ్ మన టైరుకు మరీ లావు. టైరు గోడ చీలితే ఏ ప్లగ్గూ ఆపదు, ట్యూబు వెయ్యాల్సిందే. అప్పుడే అసలు మెలిక. అంతకుముందు గుచ్చుకున్న ముళ్లు పాలతో మూసుకుపోయి టైరులో అలాగే ఉంటాయి. అవన్నీ ఏరకుండా ట్యూబు వేస్తే ఒక్కోటీ వరసగా దించుతాయి. పాలల్లో చేతులు మునిగి ఉండగా రోడ్డు పక్క కూర్చుని ముళ్లు ఏరడం ఎవరికీ సరదా కాదు. ఒక జత రబ్బరు గ్లోవ్స్ పెట్టుకోండి. నూనె చేతులకు మాత్రం రోడ్డు పక్క పొడి మట్టి చాలు, రుద్దుకుంటే జిడ్డు వదులుతుంది.

ఇవన్నీ మోసినా వాడటం రాకపోతే ఆ సంచి అలంకారమే. కొత్తవాళ్లు ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని వెనక చక్రం ఒకసారి విప్పి ఎక్కించాలి. విప్పేముందు చైనును అన్నిటికంటే చిన్న పళ్ల చక్రం మీదికి దింపాలి. టైరు ఎక్కించేటప్పుడు వాల్వుకు ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి, చివరి అంచును లీవరుతో కాకుండా అరచేతులతో తొయ్యాలి. చివరి అంగుళం లీవరుతో ఎక్కించబోయి కొత్త ట్యూబును అక్కడికక్కడే కోసుకునేవాళ్లు తక్కువేం కాదు.

గ్రూపులో ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు, అందరి సంచీ తనే మోసేవాడు. ఎవరి చక్రం మెత్తబడినా ఆయన ఆగుతాడు. ఆయనకు ఇవ్వాల్సిన గౌరవానికి సైకిలువాళ్లలో ఒక రాయని లెక్క ఉంది. తీసుకున్న ట్యూబుకు బదులు వచ్చే ఆదివారం కొత్త ట్యూబు, అదే సైజు, అదే వాల్వు పొడవు, డబ్బా విప్పకుండా. పాచీ వేసినది చెల్లదు. డబ్బులిస్తానంటే ఆయన ఎలాగూ వద్దంటాడు కాబట్టి అది కూడా చెల్లదు. కాఫీ వేరే ఖాతా.